కుదురు, కొక్కెపుసూది, చారుగిన్నె

"కుదురుగా కూర్చుండుము" అని పెద్దలు పిల్లలను మందలించుట మనమందరము విన్నదే. ఆ మాటలోని కుదురును కన్నులార చూచిన పిల్లలు మాత్రము నేడు తక్కువ. కుదురు అనగా కుండ దొర్లిపోకుండ దాని అడుగున ఉంచెడి చుట్ట. మట్టికుండకు అడుగు గుండ్రముగా నుండును గనుక అది నేలమీద తనంతట నిలువదు. గడ్డితోగాని, తాటినారతోగాని, పాతగుడ్డతోగాని కంకణమువలె చుట్టి, దానిపై కుండను నిలుపుదురు. నీళ్లబిందెను ఎత్తుకొనునప్పుడు తలపై పెట్టుకొనెడి గుడ్డచుట్టయు కుదురే. దానికి చుట్టకుదురని పేరు. అడుగు చదునైన స్టీలు గిన్నెలు వచ్చిన పిదప కుదురు వంటయింటినుండి మెల్లగా తొలగిపోయినది. మాట మాత్రము మిగిలినది. మనస్సు కుదురును, బేరము కుదురును, పెండ్లి కుదురును, చేతివ్రాత కుదురును. వీనియన్నిటిలోను కదలక నిలుచుట యను భావము కలదు.

ఐనను పొయ్యిమీదినుండి దింపిన గిన్నెకు నేటికిని ఒక ఆసనము కావలసియే యున్నది. వేడిగిన్నెను బల్లమీద పెట్టిన మచ్చపడును. ప్లాస్టిక్ పరుపుమీద పెట్టిన అది కరగును. కావున ఈ పాఠమున మొదట ఒక కుదురును అల్లుదము. తరువాత దానిమీద పెట్టుటకు తగిన కట్టుచారును, రాగిసంగటిని వండుదము. మూడును మన హోసూరు ప్రాంతపు ఇండ్లలో పైసా ఖర్చు పెద్దగా లేక చేయదగిన పనులు. బాలికలకే గాక బాలురకును ఈ పాఠము సమానముగా వర్తించును. ఆకలి ఇద్దరికిని ఒక్కటియే గదా!

కుదురు అల్లుట

క్రోషియా యను అల్లికను మీలో కొందరు ఇంట చూచియుందురు. ఫ్రెంచిభాషలో ఆ మాటకు చిన్న కొక్కెమని యర్థము. స్వెట్టరు అల్లుటకు రెండు సూదులు కావలెను. దీనికి చివర కొక్కెముగల సూది యొక్కటి చాలును. సన్నని దారముతో లేసు అల్లువారు 1 మి.మీ. మందముగల ఉక్కుసూదిని, ఒక్కొక్కప్పుడు అంతకంటెను సన్ననిదానిని వాడుదురు. మన పనికి 8 మొదలు 10 మి.మీ. వరకు మందముగల చెక్కసూదిగాని ప్లాస్టిక్ సూదిగాని సరిపోవును.

దారము కొననక్కరలేదు. చిరిగిన నూలుపంచె సగము చాలును, కొంత మిగులును గూడ. దానిని 2 సెం.మీ. వెడల్పుగల పేలికలుగా చింపి, కొసలు కలిపి కుట్టి, ఉండగా చుట్టుకొనవలెను. గుడ్డ నూలుదే కావలెను. పాలియెస్టరు, నైలాను, అంగళ్లలో రంగురంగుల ఉండలుగా అమ్మెడి అక్రిలిక్ దారము — ఇవి మిక్కిలి వేడియైన గిన్నె తగిలిన మెత్తబడి, కరగి, గిన్నెకును చేతికిని అంటుకొనును. నూలు కరగదు, వేడి మరీ మించినచో మాడును. పాతగుడ్డలో పాలియెస్టరు కలిసినదో లేదో తెలియనిచో, పెద్దల యెదుట ఒక చిన్న పోగును పట్టకారుతో పట్టుకొని మంటకు చూపుడు. నూలు కాగితము కాలినట్లు వాసన వేసి మెత్తని బూడిదయగును. పాలియెస్టరు ముడుచుకొని, కరగి, నల్లని గట్టిపూసగా మిగులును.

ఇక అల్లిక. పేలికకొనకు జారుముడి వేసి ఆ ఉచ్చును సూదికి తగిలింపుడు. పేలికను కొక్కెముతో అందుకొని ఉచ్చులోనుండి ఈవలికి లాగిన ఒక గొలుసుకన్ను ఏర్పడును. ఇట్లు 24 కన్నులు అల్లి, గొలుసు మెలిపడకుండ చూచుకొని, చివరికన్నును మొదటికన్నుతో కలిపిన వలయమగును. దానిపై పొట్టికుట్టుతో చుట్లు వేయవలెను. పొట్టికుట్టు వేయు విధమిది: సూదిని ఒక కన్నులోనికి గ్రుచ్చి, పేలికను అందుకొని ఈవలికి లాగుడు. ఇప్పుడు సూదిపై రెండు ఉచ్చులుండును. మరల పేలికను అందుకొని ఆ రెంటిలోనుండియు ఒక్కసారిగా లాగుడు. ఒక కుట్టు పూర్తియైనది. చేతికి అలవాటగువరకే కష్టము. పిమ్మట చేయి తనంతట తాను సాగిపోవును, మనస్సును లెక్కమీద నిలుపవచ్చును.

ఆ లెక్కయే ఈ పనికి ప్రాణము. మొదటి చుట్టులో ప్రతి నాలుగవ కన్నునందును రెండేసి కుట్లు వేయవలెను; తక్కినవానిలో ఒక్కొక్కటి. అప్పుడు 24 కన్నులపై 30 కుట్లు వచ్చును. రెండవ చుట్టులో ప్రతి యైదవ కుట్టుపై రెండేసి వేసిన 36 అగును. మూడవచుట్టులో ప్రతి యారవదానిపై, నాలుగవచుట్టులో ప్రతి యేడవదానిపై, ఐదవచుట్టులో ప్రతి యెనిమిదవదానిపై — ఇట్లు 42, 48, 54. అన్నియు కూడిన 210 కుట్లు. ఇట్టివి రెండు అల్లి, ఒకదానిపై నొకటి ఉంచి అంచులు కుట్టిన దళసరి కుదురు సిద్ధమగును.

చుట్టుచుట్టునకు ఆరుకుట్లే యేల పెరుగవలెను? నాలుగేల కారాదు? తొమ్మిదేల కారాదు? వృత్తపరిధి 2πr అని మీరు గణితములో చదివియున్నారు. పొట్టికుట్టు ఎత్తును, వెడల్పును ఇంచుమించు సమానములు. ఒక్కొక్కటి 1 సెం.మీ. అనుకొందము. ఒక చుట్టు అల్లినంతట వ్యాసార్ధము 1 సెం.మీ. పెరుగును. పరిధి 2π, అనగా సుమారు 6.28 సెం.మీ. పెరుగును. ఆ పెరిగిన పరిధిని నింపుటకు ఆరుకుట్లు చాలును. విచిత్రమేమనగా, లోపలి వలయము చిన్నదైనను పెద్దదైనను ఈ యారు మారదు. రూపాయినాణెమంత రంధ్రము చుట్టు అల్లినను, బండిచక్రమంత వలయము చుట్టు అల్లినను పెంపు చుట్టునకు ఆరే. మొదటిసారి వినువారు దీనిని సులభముగా నమ్మరు; అల్లి చూచినవారు కాదనలేరు. పేలికను ముందే సూదికి ఒకమారు చుట్టుకొని అల్లెడి పొడుగుకుట్టు ఒకటి కలదు. దాని యెత్తు వెడల్పునకు రమారమి రెండింతలు గనుక దానికి చుట్టునకు పండ్రెండు పెంచవలెను.

పెంపు తక్కువైనచో అంచులు పైకిలేచి అల్లిక గిన్నెయాకారము పొందును. టోపీలు, డబ్బుసంచులు ఇట్లే చేయుదురు. ఎక్కువైనచో అంచు కుచ్చిళ్లవలె మడతలు పడును. ఆ మడతలును వ్యర్థము కావు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు గణితజ్ఞురాలు డైనా తైమినా ఈ విధముగనే కుట్లు పెంచుచు పోయి, యూక్లిడు జ్యామితికి లొంగని ఒక వక్రతలమునకు చేతితో పట్టుకొని చూడదగిన నమూనాను క్రోషియాతో అల్లినది. అంతకుముందు కాగితముతో చేసిన నమూనాలు సులభముగా చినిగిపోవుచుండెను.

మరియొక సూచన. పెంపుకుట్లు ప్రతిచుట్టులోను ఒకదాని నెత్తిన నొకటి వచ్చినచో కుదురు గుండ్రముగాక ఆరుమూలలు తేలును. చుట్టు మారినప్పుడెల్ల వానిని కొంచెము ప్రక్కకు జరుపవలెను. తడిసిన కుదురుతోగాని, తడిమసిగుడ్డతోగాని వేడిగిన్నెను పట్టుకొనరాదు. పొడిగుడ్డ పోగులనడుమ గాలి నిలిచి వేడిని అడ్డగించును. తడిసినచో ఆ చోటును నీరాక్రమించి, వేడిని త్వరగా చేతికి చేర్చును.

నరసాపురపు లేసు

ఈ కొక్కెపుసూదికిని తెలుగుదేశమునకును గట్టి సంబంధము కలదు. ఐర్లండులో 1845 మొదలు కొన్నియేండ్లు బంగాళాదుంప పంట తెగులుచే నశించి ఘోరక్షామము కలిగినప్పుడు, అచ్చటి క్రైస్తవ సన్న్యాసినులును ఇతరులును పేదస్త్రీలకు క్రోషియా లేసును నేర్పిరి. ఆ లేసు అమ్మిన సొమ్ముతో ఎన్నో కుటుంబములు నిలిచినవి. ఆ శతాబ్ది మధ్యభాగముననే మిషనరీలు గోదావరి డెల్టాలోని నరసాపురపు ప్రాంతమునకును లేసుపనిని తెచ్చిరి. మొదట పేదక్రైస్తవ కుటుంబముల స్త్రీలు నేర్చిరి. తరువాత బయటి పనికి పోవు ఆచారము లేని ఇండ్ల స్త్రీలును నేర్చిరి. దారమును, నమూనాను ఏజంటు ఇంటికి తెచ్చి ఇచ్చును. అల్లిన ముక్కలను మరల వచ్చి కొనిపోవును. పూవులు అల్లుట చేతిపని. వానిని కలుపుట అతుకుపని. ఒకరు అల్లిన పూవు ఏ బల్లమీది గుడ్డయగునో, ఏ దేశమునకు పోవునో ఆమెకు తెలియదు.

1982లో జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీలనుగూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. ఇంటిపనియంతయు చేసికొని, ఆపైన దినమునకు ఆరుమొదలు ఎనిమిది గంటలు లేసు అల్లువారు కూడ పనివారి లెక్కలోనికి రాలేదని ఆమె చూపినది. వారు "ఇంటిలో కూర్చుండి తీరికవేళ అల్లుకొనువారు" అని చెప్పబడిరి. తీరికపని యనుకొన్నందున కూలియు అట్లే అతిస్వల్పముగా నుండెను. లాభము దారమిచ్చినవారికిని, ఎగుమతి చేసినవారికిని పోయినది. ఒక్కమాట — తీరిక — ఒక్కటే ఇంతపని చేసినది.

నరసాపురపు క్రోషియా లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరును ఇక ఎవరుబడితే వారు వాడుకొనరాదు. సంతోషమే. ఐతే గుర్తింపు సరకు పేరును కాపాడును. అల్లిన చేతికి ఎంత ముట్టినదో అడుగుట వేరు సంగతి. ఇక్కడ ఒక విశేషము గమనింపవలెను. స్వెట్టరు అల్లుటకు యంత్రములు ఎప్పుడో వచ్చినవి. నిజమైన క్రోషియాను అల్లెడి యంత్రము అంగడి సరకును తయారుచేయు స్థితికి రాలేదు. కావున అంగడిలో క్రోషియాతో అల్లిన వస్తువు కనబడినచో, ఎవరో ఒకరు ఒక్కొక్క కన్నును చేతితో లాగియే దానిని చేసియుందురు. అది మిక్కిలి చౌకగా దొరకినచో ఆ చౌక ఎవరి సంచినుండి వచ్చినదో ఊహించుకొనుడు.

వంటకును ఇదే లెక్క. 2019లో భారతప్రభుత్వపు గణాంకశాఖ దేశమంతట జనులు దినములోని కాలమును ఎట్లు గడుపుచున్నారో విచారించినది. ఇంటివారికొరకు కూలిలేక చేయు ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పాల్గొను పురుషులు 97 నిమిషములును గడుపుచున్నారని తేలినది. పాల్గొనువారి సంఖ్యయందే గొప్ప భేదము కలదు: స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. 299 నిమిషములనగా అయిదుగంటలకు ఒక్క నిమిషము తక్కువ. మన బడిలో పాఠములు జరుగు కాలముతో దీనిని పోల్చి చూచుకొనుడు.

కట్టుచారు

పప్పు ఉడికిన పిదప పైన తేలెడి పలుచని నీటిని కట్టు అందురు. దానితో కాచిన చారు కట్టుచారు. క్రింద మిగిలిన పప్పును మెదిపి, ఉప్పు నెయ్యి చేర్చి ముద్దపప్పుగా తినవచ్చును. ఒక్క పొయ్యిమీద ఒక్క గిన్నెతో రెండు వంటకములు వచ్చుట గృహిణి తెలివికి గుర్తు.

నలుగురికి 100 గ్రాముల కందిపప్పు చాలును. కడిగి అరగంట నానబెట్టి, ఆరింతల నీటిలో చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడికింపుడు. పప్పు మెదుగువరకు చింతపండు తగులనీయరాదు. ఈ నియమమును మన అవ్వలు తప్పక పాటింతురు. కారణమడిగిన "ఉడకదు నాయనా" అని మాత్రము చెప్పుదురు. కారణమిది: పప్పుగింజలోని కణములను ఒకదానికొకటి పట్టియుంచు పెక్టిన్ అను పదార్థము కలదు. వేడినీటిలో అది కరగిన గాని గింజ మెత్తబడదు. పులుపు ఆ కరగుటను అడ్డగించును. కొన్ని బోరుబావుల నీటిలో సున్నపుపాలు ఎక్కువగా నుండును. ఆ నీరును అట్లే పప్పును ఉడుకనీయదు. అందుకై కొందరు వంటసోడా వేయుదురు. పప్పు త్వరగా ఉడుకును గాని బి విటమినులలో ఒకటైన థయమిన్ నశించును. నానబెట్టుటయు, ఓపికయు సోడాకంటె మేలు.

పప్పు ఉడికిన తరువాత కట్టును వంచుకొని, చిన్న నిమ్మకాయంత చింతపండు పిసికిన రసము, ఉప్పు, దంచిన మిరియాలు జీలకఱ్ఱ వెల్లుల్లి, కొంచెము బెల్లము చేర్చి కాచవలెను. పొంగు వచ్చుచుండగా దింపుడు. చారు మరగి మరగి గుజ్జువలె నైనచో దాని పేరు చారు కాదు.

చివరది పోపు. నూనె కాగిన తరువాత ఆవాలు వేయవలెను. అవి చిటపటలాడినంతట జీలకఱ్ఱ, ఎండుమిర్చి, ఇంగువ, కట్టకడపట కరివేపాకు. ఈ వరుస తప్పరాదు. ఆవగింజలోని తేమ ఆవిరియై పైపొట్టును పగులగొట్టుటయే ఆ చిటపట. సుగంధద్రవ్యములలోని వాసనలలో అనేకములు నీటిలోకంటె నూనెలో చక్కగా కరగును. నూనె వానిని పట్టి చారంతట పంచును. అందుచేతనే ఒక్క చెంచా పోపుతో గిన్నెడు చారు వాసన మారిపోవును.

అన్నమును పప్పును కలిపి తినుటలో కూడ ఒక యుక్తి కలదు. మాంసకృత్తులు అనేక భాగములచే ఏర్పడినవి. వానిలో లైసిన్ అను భాగము బియ్యములో కొఱత, పప్పులో సమృద్ధి. మిథియొనిన్ అను భాగము పప్పులో కొఱత, బియ్యములో మెఱుగు. రెండును కలిసినప్పుడు ఒకదాని లోపమును ఒకటి తీర్చును. కందిపప్పులో నూటికి సుమారు 22 వంతులు మాంసకృత్తులే. చారునీళ్లు మాత్రము పోసికొని అడుగునున్న పప్పును వదలు పిల్లలు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను.

బియ్యము ఉడుకుటకై కాగెడి నీరు ఎసరు. నీరు ఎక్కువపోసి, అన్నము ఉడికిన తరువాత గంజి వార్చుట ఒక పద్ధతి. అన్నము పీల్చుకొనునంత నీటినే కొలిచి పోయుట రెండవ పద్ధతి, ఇది అత్తెసరు. పరీక్షలో గట్టెక్కుటకు సరిగా చాలునన్ని మార్కులు వచ్చినప్పుడు అత్తెసరు మార్కులని నవ్వుదుము గదా, ఆ మాట ఇక్కడిదే. నవ్వుట న్యాయము కాదు. గంజితో థయమిన్ మొదలగు విటమినులు కొట్టుకొనిపోవును. అత్తెసరులో అవి అన్నముననే నిలుచును. గంజి వార్చువారు దానిని పారబోయక ఉప్పు మజ్జిగ కలిపి త్రాగుట మంచిది.

రాగిసంగటి

మన సీమలో రాగి పండును. అందుచే సంగటి మన ఇండ్లలో క్రొత్తది కాదు. ఐనను దానిని నల్లని ముద్దయని సిగ్గుపడి, పెండ్లిండ్లలో దాచి, అతిథులకు వడ్డింపక పోవుచున్నాము. పట్టణములలో అదే రాగి అందమైన డబ్బాలలో అధికమైన వెలకు అమ్ముడగుచున్నది! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అంతే తూకముగల మరపట్టిన తెల్లబియ్యములో 8 మిల్లీగ్రాములకు లోపే. ఎదుగు పిల్లల యెముకలకు ఈ భేదము చిన్నది కాదు. రాగిలోని ఫైటిక్ ఆమ్లము కాల్షియమును కొంతవరకు దేహమునకు అందనీయదు. రాగులను నానబెట్టి, మొలకకట్టి, ఎండబెట్టి విసరిన పిండిలో ఆ అడ్డంకి తగ్గును.

ఒక గ్లాసు నూకలను ఆరుగ్లాసుల నీటిలో ఉప్పువేసి, చిమిడిపోవునట్లు ఉడికింపుడు. మంట తగ్గించి, రెండుగ్లాసుల రాగిపిండిని నడుమ గుట్టగా పోయుడు. అప్పుడే కెలుకరాదు. తెడ్డుకాడతో గుట్టమధ్య ఒకటి రెండు రంధ్రములు చేసి, మూతవేసి, పదినిమిషములు సన్ననిసెగపై నుంచుడు. వెంటనే కెలికినచో పిండి పైపొర వేడినీరు తగిలి జిగురై, లోపలి పొడిపిండికి నీరందనీయదు, అదియే ఉండకట్టుట. గుట్టగా నుంచినప్పుడు రంధ్రములగుండ ఆవిరి పైకివచ్చి పిండిని లోపల బయట ఒకే తీరున వేడిచేయును. అటుపిమ్మట గిన్నెను గట్టిగా అదిమిపట్టి, తెడ్డుతో బలముగా కెలుకవలెను. ఇది మణికట్టుకు పని. మన ఇండ్లలో ఈ పనికి మగపిల్లలను పిలువకపోవుటకు న్యాయమైన కారణమేదియు కనబడదు. చేతులు తడిచేసికొని ముద్దలు చేసి, గిన్నెను మన కుదురుపై నిలిపి, చారుతోగాని పచ్చడితోగాని వడ్డింపుడు.

తల్లిదండ్రులకు

మన పిల్లలు బడిలో తమిళమును ఆంగ్లమును చదువుచున్నారు. సంతలో కన్నడమును విందురు. ఇది అదృష్టమే. మనము సంగటి యన్నదానిని కన్నడిగులు ముద్దె యందురు, తమిళులు కళి యందురు. మన చారు వారి సారు. మన తాలింపు తమిళులకు తాళిప్పు, కన్నడిగులకు ఒగ్గరణె, ఒడిశాలోని మన బంధువుల యిరుగుపొరుగులకు ఛుంక, షోలాపురపు తెలుగు నేతకుటుంబముల యిరుగుపొరుగులకు ఫోడణి. అన్నియు నేర్వదగిన మాటలే. ఐతే మన వంటింటి తెలుగు ఏ పాఠ్యపుస్తకముననూ చాలినంత లేదు. ఎసరు, కట్టు, తోడు, కుదురు, మసిగుడ్డ, తెడ్డు — వీనిని ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయగలడు గాని, ఎసరు మరగు శబ్దము వినిపించి నేర్పలేడు. "ఎసరు కాగినదేమో చూడుము" అని పిల్లవాని నొకమారు పంపినచో ఆ మాట వానికి వచ్చినట్లే. పని చేయనీయక దూరముగా ఉంచిన పిల్లవానికి ఆ పనితోపాటు దాని మాటయు దక్కదు. పాలలో వేసెడి తోడును, వెంటవచ్చెడి తోడును ఒకే మాటయని తెలిసినప్పుడు కలిగెడి ముచ్చట, పాలు తోడుపెట్టిన వానికే కలుగును.

చదువు పాడగునను భయము వలదు. పైన చెప్పిన కుదురు నేర్చుకొనువారికి మూడు నాలుగు సాయంకాలముల పని. చారు ఒక గంట. పరీక్షలకు ముందు నెల వదలివేయవచ్చును.

అభ్యాసము

1. 36 కన్నుల వలయముతో మొదలుపెట్టి, చుట్టునకు ఆరేసి పెంచుచు ఆరు చుట్లు అల్లినచో ఒక్కొక్క చుట్టున ఎన్ని కుట్లుండును? మొత్తమెన్ని? పొడుగుకుట్టుతో అల్లినచో ఈ లెక్క ఎట్లు మారును?

2. చింతపండును పప్పుతో కలిపి ఒక చిన్న గిన్నెలోను, వేరుగా మరియొక గిన్నెలోను ఉడికించి, రెంటికిని పట్టిన కాలమును వ్రాయుడు. పప్పును, నీటిని, మంటను సమానముగా నుంచవలెను. పెద్దలు దగ్గరనుండవలెను.

3. మీ అవ్వనుగాని ఇరుగుపొరుగు పెద్దలనుగాని అడిగి, పాఠ్యపుస్తకములలో లేని వంటింటి మాటలు పది సేకరింపుడు. ఒక్కొక్కదానికి వారు చెప్పిన అర్థమును వారి మాటలలోనే వ్రాయుడు. దిద్దవలదు.

4. ఒక వారము మీ ఇంటిలో వంట, నీళ్లు, ఊడ్చుట, ఉతుకుట మొదలగువానికి ఎవరెవరు ఎన్ని నిమిషములు పనిచేసిరో పట్టిక వేయుడు. మిమ్మును మీరు విడువవలదు.

5. మీరు అల్లిన కుదురునకు పట్టిన గంటలను గుర్తించియుంచుడు. మీ ఊరిలో దినకూలి యెంతయో అడిగి, దానినిబట్టి ఆ కుదురునకు రావలసిన కూలిని కట్టుడు. ఆ వెలకు ఎవరైన కొందురా యని అంగడివానిని, అమ్ముదురా యని అమ్మను అడిగి, ఇద్దరి జవాబులను వ్రాసి తెండు.